కుప్పమ్మ మూల

గానుగ వీధి చివర ఒక మూల ఉంది. చీకటి పడ్డాక అటు వెళ్ళకండి.

నేను చెప్తున్నానని కాదు... తిరుపతిలో మా పేట వైపు వచ్చి ఎవరిని అడిగినా ఈ మాటే చెప్తారు. మూతబడిన నూనె గానుగ, దాని వెనక పొడవాటి గోడ, ఆ గోడ వంపు తిరిగే చోట వీధి దీపం అందని నాలుగు గజాల నేల. పగలు చూస్తే ఏమీ ఉండదు. రాత్రి రెండు దాటాక మాత్రం అక్కడ ఎవరో ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది.

సర్... సర్... సర్...

ఆమె పేరు కుప్పమ్మ. ఎప్పుడో గానుగ ఆడే రోజుల్లో ఆమె కాలి మెట్టె ఒకటి ఆ చెత్తలో పడిపోయిందట. వెతికింది. చీకటి పడినా వెతికింది. తెల్లారి జనం వచ్చి చూసేసరికి అక్కడే ఒరిగిపోయి ఉంది — చేతిలో చీపురు, కాలికి ఒకే ఒక్క మెట్టె.

అప్పటి నుంచి ఆ మూలలో ఎవరు చెత్త సంచి పడేసినా, రాత్రికి వచ్చి ముడి విప్పుతుంది. మంచుగడ్డలాంటి చేతులతో అరటి తొక్కలు, టీ పొడి, తెగిన చెప్పులు అన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతుంది. మెట్టె దొరక్కపోతే, ఆ సంచిలో ఆన్‌లైన్ పార్సిల్ కవరు ఏదైనా ఉందేమో చూస్తుంది. ఉంటే దాని మీది చిరునామా చదువుకుంటుంది.

చదువుకొని... ఆ ఇంటికి వస్తుంది.

నవ్వకండి. మా ఇంట్లో రెండు వారాల పాటు పార్సిల్ కవర్ల మీది చిరునామాలు బ్లేడుతో గోకి మరీ పారేశాం.

గానుగ ఆడే రోజుల్లో పోయిన మనిషికి ఆన్‌లైన్ పార్సిళ్ళ సంగతి ఎలా తెలుసని మాలో ఒక్కరం కూడా అడగలేదు. భయం పట్టుకున్నప్పుడు అలాంటి ప్రశ్నలు తట్టవు. తట్టి ఉంటే తెలిసేది, ఇది తాతల నాటి కథ కాదని. ఒకానొక బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు ఒక మేడ మీద పుట్టింది. పుట్టించినవాడి పేరు చంద్రమౌళి.

ఈ సంగతంతా నాకు చెప్పింది చంద్రమౌళి భార్య జ్ఞానాంబ. మొగుడి గొప్పలు చెప్పేటప్పుడు ఆమె కాస్త తగ్గించి చెబుతుంది, తిప్పలు చెప్పేటప్పుడు కాస్త పెంచి చెబుతుంది. అది మనసులో పెట్టుకొని వినండి.

చంద్రమౌళి ముప్పై రెండేళ్ళు ఘాట్ రోడ్డు బస్సులకు కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మైకు పట్టుకొని "తిరుమల వెళ్ళవలసిన బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నది" అని చెప్పీ చెప్పీ, ఇంట్లో ఉప్పు అడిగినా అదే గొంతు. రిటైరయ్యాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. దాంతో వీధి మీద పడ్డాడు.

"గానుగ వీధి బాగు బృందం" అని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. అందులో అరవై ఇద్దరు. ఆదివారం పొద్దున పారా చీపురూ పట్టుకొని వచ్చేది ఆరుగురు. మిగతా యాభై ఆరుగురూ దుప్పటి తీయకుండానే బొటనవేలు బొమ్మ పంపిస్తారు. ఆ ఆరుగురే నాలుగేళ్ళలో కాలువ పూడిక తీశారు, కరెంటు స్తంభాలకు రంగులు వేశారు, ఇంటికో గన్నేరు మొక్క పెట్టారు. పక్క వీధుల వాళ్ళు వచ్చి చూసి "బలే ఉండాదప్పా" అని మెచ్చుకొని, పోతూ పోతూ తమ చెత్త సంచి ఆ మూలలో పెట్టి పోయేవాళ్ళు.

పక్క వీధుల వాళ్ళు అంటే ఎవరో కాదు, మేమే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ మూలకు సరిగ్గా ఎదురుగా చంద్రమౌళి వంటింటి కిటికీ. ఆ వాసనకు జ్ఞానాంబ నాలుగేళ్ళుగా ఆ కిటికీ తెరవలేదు. తిరగమోత పెడితే పొగ బయటికి పోదు. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కొంగు ముక్కుకు అడ్డం, దగ్గుతూనే వంట.

"ఊరంతా బాగు చేస్తా ఉండావు, ఈ కిటికీ ఒకటి తెరిపియ్యి సూద్దాం" అని ఆమె అన్నప్పుడల్లా చంద్రమౌళి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. మైకు గొంతు ఆ ఒక్క చోట పనిచేసేది కాదు.

ఇలా ఉండగా వార్డు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆ మూల ఎలాగూ చెత్తకు అలవాటు పడింది కదా, చుట్టుపక్కల చెత్త బండ్లన్నీ అక్కడికే తెచ్చి లారీలోకి గుమ్మరించే ఏర్పాటు చేస్తారట. మరీ కాదంటే ఒక అవకాశం ఇస్తారట. మూడు వారాల తర్వాత ఆదివారం నాడు పెద్ద ఆఫీసరమ్మ స్వయంగా వస్తుంది. అప్పటికి ఆ మూల శుభ్రంగా, రంగులు వేసి కనిపిస్తే లారీ రాదు. లేదంటే జ్ఞానాంబ ఆ కిటికీకి మేకులు కొట్టుకోవాల్సిందే.

చంద్రమౌళి ముందు "ఇచ్చట చెత్త వేయరాదు" అని బోర్డు పెట్టించాడు. ఆ బోర్డు మేకుకే ఎవరో సంచి తగిలించి పోయారు. తర్వాత గోడకు దేవుడి బొమ్మల టైల్స్ అతికించాడు. జనం చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకొని, రెండడుగులు పక్కకు జరిగి వేశారు.

దేవుడు పెద్దమనిషి, ఊరుకున్నాడు. ఊరుకోని వాళ్ళెవరైనా కావాలి.

అదీ ఆ బుధవారం సంగతి. మేడ మీదికి పోయి, ఫోను నోటి దగ్గర పెట్టుకొని, ఎవరూ పోల్చకుండా గొంతు తగ్గించి, నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ చేశాడు. ముందు మీకు చెప్పిన కథే, మెట్టెతో సహా, పార్సిల్ కవర్లతో సహా. పేరు దగ్గర ఒక్క క్షణం తడుముకున్నాడట. చెత్తలో వెతికే దెయ్యానికి ఏం పేరు పెట్టాలి? ఠక్కున నోటికొచ్చేసింది... కుప్పమ్మ. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. భలే తట్టిందే అని తన్ను తానే మెచ్చుకున్నాడు.

ఆ మెసేజ్ ఒకే ఒక్కరికి పంపాడు. కింద "ఎవ్వరికీ చెప్పవద్దు" అని రాశాడు. తెల్లారేసరికి పాకాల నుంచి మా పిన్ని నాకు ఫోన్ చేసి, "మీ పక్క వీధిలో దెయ్యమంట గదా" అంది.

మొదటి వారం ఒక్క సంచి పడలేదు. ఆరుగురూ కలిసి పైపై చెత్తంతా ఎత్తేశారు. బ్యాంకులో పనిచేసే మోనిక ఆ ఆరుగురిలో ఒకతె, బొమ్మలు బాగా వేస్తుంది. గోడ మీద బొగ్గుతో గీతలు గీసింది — వంగి ముగ్గు వేస్తున్న ఒక ఆడమనిషి. ముఖం మాత్రం ఖాళీగా వదిలేసింది. "ముఖం చివర్న వేస్తా అంకుల్, ఎవరిదైనా మంచి ముఖం దొరకనీ" అంది. చంద్రమౌళి మీసం మెలేసుకుంటూ ఇంటికి వెళ్ళి, "వచ్చే వారం కిటికీ తెరుస్తా ఉండావు" అని భార్యకు ప్రకటించాడు.

రెండో వారం కథ అడ్డం తిరిగింది.

చెత్త వేసేవాళ్ళు మానలేదు, ఆగడం మానేశారు. ఇంతకు ముందు స్కూటరు ఆపి సంచి ఒద్దికగా పెట్టి పోయేవాళ్ళు. ఇప్పుడు భయానికి నలభై స్పీడులో పోతూ విసురుతున్నారు. సంచి గాల్లోనే పగిలి, సాంబారు గోడకు, అన్నం మెతుకులు గన్నేరు మొక్కలకు. అదొక్కటే కాదు. జడుసుకున్న పిల్లలకు దిష్టి తీసి, ఆ తీసిన నిమ్మకాయలు, కుంకుమ పూసిన గుమ్మడికాయలు, నల్లదారాలు అన్నీ కుప్పమ్మకే అని తెచ్చి ఆ మూలలో పెట్టడం మొదలుపెట్టారు. మామూలు చెత్తయితే ఎవరైనా ఎత్తుతారు. దిష్టి తీసిన నిమ్మకాయ ఎవరెత్తుతారు?

ఆరుగురు ముగ్గురయ్యారు. ముగ్గురు ఒకరయ్యారు. రంగులు వేయడానికి వస్తామన్న మోనిక స్నేహితులు రాలేదు. మోనికను వాళ్ళమ్మ ఆరు దాటితే గడప దాటనివ్వలేదు. రోజూ ఏడింటికి ఈల ఊదుకుంటూ బండి తోసుకొచ్చే చెత్త బండి ఆవిడ కూడా కనిపించకుండా పోయింది. పాపం ఆవిడా భయపడి ఉంటుందిలే అనుకున్నారు. ఎవరూ కనుక్కోలేదు.

చంద్రమౌళి గ్రూపులో "దెయ్యమూ లేదు గియ్యమూ లేదు, అందరూ రండి" అని పెట్టాడు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "అంకుల్‌కు పట్టినట్టుండాది. పట్టినోళ్ళే లేదంటారంట."

నేనే పుట్టించానని ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఆ మాట రాదు కదా. ముప్పై రెండేళ్ళు ఆయన మైకులో చెప్పిన మాట నమ్మి జనం బస్సెక్కారు. ఇప్పుడు అబద్ధం చెప్పినానని ఏ ముఖంతో చెప్తాడు?

శనివారం వచ్చింది. తెల్లారితే ఆఫీసరమ్మ. చీకటి పడేదాకా ఎవరైనా వస్తారని ఎదురుచూశాడు. భోజనం చేసి ఇంకాస్త చూశాడు. రాత్రి ఒంటిగంటకు లేచి సున్నం బక్కెట్టు, కుంచె, పార, టార్చి తీసుకున్నాడు.

జ్ఞానాంబ గుమ్మం దగ్గర నిలబడింది. "ఒక్కడివే పోతావా?"

"నా దెయ్యమే గదా... నన్నేం చేస్తాది?"

వీధి నిద్రపోతోంది. కుక్కలు కూడా లేవు. ఎప్పుడూ ఆ మూలలో పడుకునే నల్లకుక్క కూడా ఆ రాత్రి లేదని ఆయన గమనించాడు... గమనించకుండా ఉంటే బాగుండేది.

టార్చి గోడ మీద వేశాడు. వంగిన ఆడమనిషి. చెయ్యి ఉంది, కొంగు ఉంది, ముఖం లేదు.

"బొగ్గు గీతలు" అని పైకే అనుకున్నాడు. టార్చి పక్కకు తిప్పి, బొమ్మ జోలికి పోకుండా గోడ అడుగున వెల్ల వేయడం మొదలుపెట్టాడు. మూల అవతలి సగం వంపు వెనక ఉంది, ఇక్కడికి కనిపించదు. ముందు ఇటు వైపు కానిచ్చి, ఆ నిమ్మకాయల సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు.

గంట గడిచింది. కుంచె చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. కుంచె ఆపాడు, బక్కెట్లో ముంచడానికి.

చప్పుడు ఆగలేదు.

సర్... సర్... సర్...

చెయ్యి బక్కెట్లోనే ఉండిపోయింది. చెవులు మోసం చేస్తున్నాయనుకున్నాడు. తలకాయ విదిలించాడు. మళ్ళీ —

సర్... సర్...

గోడ వంపు వెనక నుంచి. ఎవరో నిదానంగా, తొందరేమీ లేకుండా ఊడుస్తున్నారు. మధ్య మధ్య రాతికి ఏదో తగిలిన చిన్న చప్పుడు. టిక్... టిక్...

మెట్టె.

ఇది అబద్ధం, ఇది నేను చెప్పిందే, మేడ మీద నిలబడి నేను చెప్పిందే... అని తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడట. టైము చూశాడు. రెండూ నాలుగు. ఆ టైము కూడా ఆయన చెప్పిందే.

"ఎ... ఎవురది?" మైకు గొంతు ఎక్కడికో పోయింది. పిల్లి గొంతు వచ్చింది.

ఊడుపు ఆగింది.

"నేనే..."

"నేనే అంటే?"

చీకట్లో నుంచి చీపురు ముందు కనిపించింది. వెనక ఒక ఆకారం, నెత్తికి గుడ్డ చుట్టుకొని, కాస్త వంగి.

"కుప్పమ్మను."

ఆ తర్వాత ఏం జరిగిందో చంద్రమౌళి ఒకలా చెప్తాడు, జ్ఞానాంబ ఒకలా చెప్తుంది. ఆయనేమో వెనక్కి ఒక అడుగు వేశానంటాడు. ఆమేమో కిటికీ మూసి ఉన్నా ఆ కేక వంటింట్లోకి వినిపించిందంటుంది. ఏదైతేనేం, కాలు బక్కెట్లో పడింది, మనిషి వెల్లకిలా పడ్డాడు, సున్నమంతా తల నుంచి పొట్ట దాకా కారింది.

"అయ్యయ్యో సార్! కండ్లు మూసుకోండి! తెరవద్దండి... సున్నం కంట్లో పడితే సూపు పోతాది!"

చల్లటి నీళ్ళు ముఖం మీద పడ్డాయి. ఒక చెయ్యి గడ్డం పట్టుకొని, ఇంకో చెయ్యి కనురెప్పల మీద మెల్లగా తుడిచింది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ తుడుపు. వణుకుతూనే చంద్రమౌళికి ఒక సంగతి తట్టింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మంచుగడ్డ చేతులని కదా తాను చెప్పింది.

కళ్ళు తెరిచాడు. పచ్చ కోటు. మెడలో దారానికి వేలాడే ఈల.

"నువ్వా అమ్మా! బండి..."

"ఆ. బండోళ్ళమే."

"నీ పేరు కుప్పమ్మా?"

"పదకొండేండ్లయింది సార్ మీ వీధికి వచ్చి." ఆమె సీసాలో మిగిలిన నీళ్ళు ఆయన నెత్తి మీద పోసింది. "మీరు ఏమ్మో అంటారు. అమ్మగారు బండిమ్మా అంటాది. పేరుతో ఏం పని? మా మేస్త్రీ ఒకడే పిలిచేది. పొద్దున్నే మీ గేటు ముందర నిలబడి అరస్తాడు గదా... కుప్పమ్మా బండి తియ్, కుప్పమ్మా బండి తియ్ అని."

చంద్రమౌళి కాఫీ తాగే టైము అది. వరండాలో పేపరు పట్టుకొని కూర్చుంటాడు. పదకొండేళ్ళుగా ఆ కేక చెవిలో పడుతూనే ఉంది, తల ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ రాత్రి మేడ మీద ఠక్కున తట్టిన పేరు ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

"మరి ఈ వారమంతా రాలేదేమమ్మా?"

"యాడ రానిస్తారు సార్? పక్క వీధిలో మేస్త్రీ నా పేరు పెట్టి పిలిస్తే, ఆడోళ్ళంతా గేట్లేసుకున్నారు. పదకొండేండ్లు నా పేరేందని అడిగినోళ్ళు లేరు, పేరు తెలిసిన పొద్దు గేటేసినారు. దెయ్యమని కాదంట... ఆ పేరు మనిషి ఎందుకొచ్చిన గొడవ, వేరేవాళ్ళను పంపించండన్నారంట. ఒకటో తేదీ నుంచి రావద్దన్నాడు మేస్త్రీ." ఆమె చీపురు కట్ట నేలకేసి తట్టి సరిచేసుకుంది. "రేపు పెద్ద ఆఫీసరమ్మ వస్తాదంట గదా. ఈ మూల అద్దం మాదిరి సేసి, ఇది సేసింది నేనేనమ్మా, నా పని నాకియ్యమని అడగదామని వచ్చినా. పగలు వస్తే మనుషులు పరిగెత్తుతా ఉండారు."

చంద్రమౌళి ఒరిగిన బక్కెట్టును లేపి నిలబెట్టాడు.

"ఈ పేరు కూడా ఈ మూలే ఇచ్చింది సార్. నాకు ముందర ముగ్గురు పుట్టి పోయినారంట. నేను పుడతానే మా యమ్మ ఎత్తుకొచ్చి కుప్ప మీద పండబెట్టింది. కుప్పలో పడేసినదాన్ని ఎవురు కోరుకుంటారు, సావు కూడా కోరుకోదని. ఈడే, గానుగోళ్ళు సెనక్కాయ పొట్టు పోసే కుప్ప. అరవై ఏండ్లు వస్తా ఉండాయి, ఇంకా పోలే నేను." ఆమె నవ్వింది. "ఇప్పుడు ఎవుడో పనికిమాలినోడు ఫోన్లో నన్ను సంపేసినాడంట. గొంతు మాత్రం బలే ఉంటాదంట సార్ వానిది."

చంద్రమౌళికి అక్కడే భూమిలోకి పోతే బాగుండుననిపించిందట. నేనే అని చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ దగ్గు వచ్చింది.

ఇద్దరూ పనిలో పడ్డారు. దిష్టి నిమ్మకాయలను ఆమె ఉత్త చేతులతో ఏరి గోతంలో వేసింది. ఆయన గోడకు వెల్ల వేశాడు, మిగిలిన సున్నంతో... మిగిలింది కొంచెమే, ఎక్కువ ఆయన ఒంటి మీదే ఉంది. నాలుగు గంటలకు పాల మనిషి సైకిలు మీద వీధి మలుపు తిరిగి, గోడ పక్కన తెల్లగా నిలబడిన మగ ఆకారాన్ని చూసి, సైకిలు వదిలేసి పారిపోయాడు.

ఆదివారం తొమ్మిదింటికి ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడ వెనక గ్రూపులోని యాభై ఆరు బొటనవేళ్ళూ వచ్చాయి. పక్క వీధి నుంచి మేమూ వచ్చాం, దెయ్యం మూల పగటిపూట ఎలా ఉందో చూద్దామని. మూల నిజంగానే అద్దంలా ఉంది. గోడ కింద తెల్లగా వెల్ల, నేల మీద ఒక పుల్ల కూడా లేదు. చెత్త మనుషుల గుంపులో చివరన కుప్పమ్మ నిలబడి ఉంది. అడుగుదామని వచ్చిన మనిషి, మేస్త్రీ పక్కనే ఉండేసరికి నోరెత్తలేకపోతోంది.

"చాలా బాగుంది. ఎవరు చేశారు ఇదంతా?" అంది ఆఫీసరమ్మ.

అందరూ చంద్రమౌళి వైపు చూశారు. ఎవరో చేతిలో మైకు పెట్టారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గానుగ వీధి వాసులకు విజ్ఞప్తి..." అలవాటు కొద్దీ అలాగే వచ్చింది. అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అది మైకు గొంతు కాదు. "ఈ మూలలో దెయ్యం లేదు. ఆ కథ చెప్పింది నేను. చెత్త వేస్తా ఉండారని, దెయ్యమంటే భయపడతారని నేనే అల్లినాను. కుప్పమ్మ అనేది మన చెత్త బండి అమ్మ పేరు. బతికుండే మనిషి. రాత్రంతా ఈ మూల ఊడ్చింది ఆమె. నా అబద్ధం వల్ల ఆమెను ఒకటో తేదీ నుంచి రావద్దన్నారు. ఈ మూల పోయినా పర్వాలేదు, లారీ వచ్చినా పర్వాలేదు... ఆమె పని పోకూడదు. తప్పు నాది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టే సంగతి కాదు కదా. మా వాళ్ళంతా నేల చూపులు చూశారు. ఆ వారం ఆమె ఈల వినగానే మా గేటుకు గడియ పెట్టిన చెయ్యి నాదే. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.

వెనక నుంచి కుప్పమ్మ గొంతు వినిపించింది. "ఓ... అది మీరేనా సార్? గొంతు బలే ఉంటాదన్నారు. నిజమే."

ముందు మోనిక నవ్వింది, తర్వాత ఆఫీసరమ్మ, ఆ తర్వాత వీధంతా. చంద్రమౌళి నవ్వలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న జ్ఞానాంబ వైపు చూసి తల వంచుకున్నాడు. ఆఫీసరమ్మ మేస్త్రీని పక్కకు పిలిచి రెండు నిమిషాలు మాట్లాడింది. ఒకటో తేదీ నుంచి కూడా కుప్పమ్మే వస్తుంది, లారీ రాదు.

మోనిక కుప్పమ్మను గోడ ముందు కూర్చోబెట్టి, ఖాళీగా ఉన్న ఆ ముఖం వేయడం మొదలుపెట్టింది. కథ ఇక్కడితో అయిపోయిందనే మేమూ అనుకున్నాం.

ఆ సాయంత్రం గోడ పక్కన మొక్క పెట్టడానికి మోనిక గుంత తవ్వింది. మోచెయ్యంత లోతులో పారకు ఏదో తగిలి టిక్‌మంది. తీసి, తన చున్నీతో తుడిచి అరచేతిలో పెట్టుకుంది.

వెండి మెట్టె. నల్లబడిపోయింది. ఒక్కటే.

అందరూ కుప్పమ్మ వైపు తిరిగారు.

"నాది కాదప్పా" అని ఆమె చీర కాస్త పైకి పట్టి పాదాలు చూపించింది. రెండు కాళ్ళకూ మెట్టెలు ఉన్నాయి.

చంద్రమౌళి ముఖం ఆ రాత్రి సున్నం పడినప్పటి కంటే తెల్లగా అయింది. పేరు ఎక్కడిదో తెలిసింది, సరే. మెట్టె సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేడ మీద నిలబడి, ఆ క్షణంలో, ఉత్తినే అల్లిన మాట అది. ఒట్టు పెట్టి చెప్తాడు.

కుప్పమ్మ ఆ మెట్టెను మోనిక చేతిలో నుంచి తీసుకొని, గోడ మీద ఒక చదునైన రాయి చూసి పెట్టింది. "పోగొట్టుకున్నామె వచ్చి తీసుకుంటాదిలే" అంది. వీధంతా వినేంత గట్టిగా అంది.

మర్నాడు పొద్దున అది అక్కడ లేదు.

ఎవరో కొట్టేసి ఉంటారని చంద్రమౌళి అంటాడు. కుప్పమ్మే పెట్టి, కుప్పమ్మే తీసిందని మోనిక అంటుంది. నేను ఒకరోజు మా గేటు దగ్గర ఆమెను పేరు పెట్టి పిలిచి, తడీ పొడీ వేరు చేసిన డబ్బాలు చేతికిచ్చి, ఈ సంగతే అడిగాను. ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మూలలో మాత్రం అప్పటి నుంచి ఈ రోజు దాకా ఒక్క సంచి పడలేదు.

పోయిన వారం జ్ఞానాంబ ఇంటికి వెళ్తే వంటింట్లోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. కిటికీ బార్లా తెరిచి ఉంది. ఎదురుగా గోడ మీద కుప్పమ్మ ముగ్గు వేస్తోంది, కింద గన్నేరు పూసింది.

"రాత్రిళ్ళు కూడా తెరిచే ఉంచుతారా?" అన్నాను.

"ఉంచుతా. రెండు దాటినాక అప్పుడప్పుడు సర్ సర్ మని వినిపిస్తాది."

"కుప్పమ్మ వచ్చేది ఏడింటికి కదా?"

"ఏడింటికే."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టి కిటికీ వైపు చూశాను. "మరి... మూసెయ్యకూడదా?"

జ్ఞానాంబ పొయ్యి మీద ఎండు మిరపకాయలు వేసింది. చిటపటలాడుతూ పొగ లేచి, నేరుగా కిటికీలో నుంచి బయటికి పోయింది. ఆమె దగ్గలేదు.

"నాలుగేండ్లకు తెరిచినా. ఎందుకు మూసేది? ఊడ్చి పోయే దెయ్యమే గదా... వాసన రాదు, ఉండనీ."